రాజ్యలక్ష్మమ్మగారి గృహము

అది 1881వ సంవత్సరము, డిసెంబరు మాసము. రాజమహేంద్రవరములో ఒక యింట పెండ్లి జరుగవలసియున్నది. కాని పెండ్లియింట నుండవలసిన సందడి అచ్చట కానరాలేదు. బంధువులు రాలేదు. వంటవారు రాలేదు. నీరు తెచ్చువారును మానుకొనిరి. ఇరుగుపొరుగువారు ఆ యింటి గడప త్రొక్కుటకే జంకుచుండిరి. అందుచే ఇల్లాలు తానే గోదావరికి పోయి నీరు మోసికొని వచ్చెను. తానే పొయ్యి రాజవేసెను. వచ్చిన కొలదిమందికిని తానే వండి వడ్డించెను.

ఆ యిల్లాలు రాజ్యలక్ష్మమ్మగారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ధర్మపత్ని. పెండ్లికూతురు ఆమె కన్నబిడ్డ కాదు. ఇంచుమించు మీ యీడు బాలిక. ఆ పసివయస్సుననే ఆ బాలికకు ఒకమారు వివాహమై, భర్త గతించి యుండెను. లోకము ఆమెను వితంతువని పిలుచుచుండెను. అట్టి బాలికకు మరల పెండ్లి చేయబూనుటయే ఆ దంపతులు చేసిన అపరాధము.

ఒక బాలికకు పెండ్లి చేసినంత మాత్రమున ఊరివారు ఒక కుటుంబమును ఏల విడువవలెను? నీరు మోయువానికి, వంట చేయువానికి, పురోహితునికి ఆ పెండ్లితో ఏమి పని? ఈ సంగతి బోధపడవలెనన్నచో, ఆ కాలమున మతవిశ్వాసము కుటుంబజీవనమును ఎట్లు నడపుచుండెనో మనము ముందుగా తెలిసికొనవలెను.

ప్రతి కుటుంబమునకును మూడు ప్రశ్నలు ఎదురగుచుండును. పిల్లలకు ఏ చదువు చెప్పింపవలెను? వారు ఏ పని చేసి బ్రదుకవలెను? వారికి ఎప్పుడు, ఎవ్వరితో పెండ్లి చేయవలెను? నూటయేబది సంవత్సరముల క్రిందట ఈ ప్రశ్నలను గూర్చి తల్లిదండ్రులు తల బ్రద్దలు కొట్టుకొనవలసిన పని యుండెడిది కాదు. ఆచారము ముందుగనే సమాధానము చెప్పియుంచెను. ఆ యాచారమునకు మతము అండగా నిలిచియుండెను.

కుమ్మరి యింట పుట్టిన బాలుడు సారె కడను, నేతవారి యింట పుట్టిన బాలుడు మగ్గము కడను, వైదికుని యింట పుట్టిన బాలుడు గురువు కడను తమ తమ విద్యలను నేర్చుచుండిరి. కులమును బట్టి పని, పనిని బట్టి చదువు ఏర్పడుచుండెను. పెండ్లియు ఆ కులముననే జరుగుచుండుటచే కోడలుగా వచ్చిన బాలికకు ఆ యింటి పనియు, ఆ యింటి నోములును, పండుగలును క్రొత్తవి కాకుండెను. పెండ్లి, పని, చదువు అను ఈ మూడును ఒక త్రాటియందలి మూడు పేటలవలె పెనవైచుకొని యుండెను. ఒక పేటను కదల్చినచో తక్కిన రెండును కదలుచుండెను.

ఈ కట్టుబాటువలన మేలు లేదని చెప్పరాదు. ఆపద వచ్చినపుడు కులమువారు ఆదుకొనుచుండిరి. చేతిపనులు తరతరములకు చెడక నిలిచెను. కాని ఏ కట్టు లోపలివారిని కాపాడుచుండెనో ఆ కట్టే దాటదలచినవారిని బిగించుచుండెను. చదువునకు దూరముగా నుంచబడిన వారికిని, తక్కువవని యెంచబడిన పనులు చేయువారికిని అది మొదటినుండియు భారమే. ఇక ఆ భారము అందరికంటె ఎక్కువగా ఎవ్వరిమీద పడెనో చూతము.

ఆ కాలమున అగ్రవర్ణములలో, ముఖ్యముగా బ్రాహ్మణ కుటుంబములలో, యుక్తవయస్సు రాకమునుపే ఆడుపిల్లకు పెండ్లి చేయవలెనని పెద్దలు ధర్మశాస్త్రములను చూపి చెప్పుచుండిరి. ఆలస్యము చేసిన తండ్రికి పాపము వచ్చునని భయపెట్టుచుండిరి. 1848వ సంవత్సరమున జన్మించిన వీరేశలింగముగారికి కూడ పదుమూడవ యేటనే వివాహమయ్యెను. వధువు పదేండ్లయినను నిండని బాలిక. పుట్టినింట ఆమె పేరు బాపమ్మ. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యని పేరు పెట్టిరి.

బాల్యవివాహములు జరుగు చోట బాలవితంతువులు ఉండక తప్పదు. మశూచియు విషూచియు ఏటేట ఎందరో బాలురను బలిగొనుచుండెను. భర్త ముఖమైనను సరిగా ఎరుగని బాలిక అతడు చనిపోయిన నాటినుండి అమంగళురాలు అగుచుండెను. గాజులు తీసివేయుదురు. కొంత వయస్సు వచ్చిన పిదప తల గొరిగింతురు. ఒంటిపూట భోజనము, పేరంటమునకు పిలుపు లేదు, శుభకార్యములలో ఎదురు రాకూడదు. పగలంతయు ఇంటిచాకిరి మాత్రము ఆమెదే. తిరిగి పెండ్లి లేదు, చదువు లేదు, చేసిన పనికి జీతము లేదు. ఆ త్రాటియందలి మూడు పేటలును ఆమె మెడకే బిగుసుకొనెను.

ఇచ్చట మరియొక సంగతిని గమనింపవలెను. ఈ నియమము అందరికిని ఒక్కటి కాదు. కాయకష్టము చేసి బ్రదుకు అనేక కులములలో మారుమనువు వాడుకలోనే యుండెను. ఒకే యూర, ఒకే దేవుని కొలుచువారిలోనే, ఒక వీధిలో మహాపాపమనబడినది వేరొక వీధిలో నలుగురు పెద్దల యెదుట జరుగుచుండెను. అందువలన మతము చెప్పినది యేది, ఆచారము చేర్చినది యేది అను ప్రశ్న పుట్టకమానదు. వీరేశలింగముగారు ఆ ప్రశ్నను పట్టుకొనిరి.

ఆయన మొదట చదువు అను పేటను కదల్చిరి. ధవళేశ్వరమున ఉపాధ్యాయులుగా నున్న కాలముననే, 1874వ సంవత్సరమున, అచ్చట బాలికలకు ఒక పాఠశాలను స్థాపించిరి. ఆ యేటనే ‘వివేకవర్ధని’ యను పత్రికను ఆరంభించి స్త్రీవిద్యను గూర్చి వ్రాయసాగిరి. ఆడుపిల్లకు అక్షరము నేర్పినచో వైధవ్యము ప్రాప్తించునని నమ్మువారు ఆనాడు దేశమున పెక్కుమంది యుండిరి. చదివిన బాలికకు కీడు కలుగునని భయపడువారు, అక్షరమెరుగని బాలికలకు దినదినము ఆ కీడే కలుగుచుండుటను కన్నులార చూచుచునే యుండిరి. అయినను నమ్మకము వదలలేదు. భయము అలవాటైనపుడు కంటికి కనబడునదియు మనస్సునకు ఎక్కదు.

పిమ్మట పెండ్లి యను పేట. ఈ విషయమున ఆయనకు ముందు నడచినవారు కలకత్తా పండితుడైన ఈశ్వరచంద్ర విద్యాసాగరులు. విద్యాసాగరులు ధర్మశాస్త్రములను వెదకి, పరాశరస్మృతిలో స్త్రీ మరల వివాహమాడదగిన ఐదు ఆపదలు చెప్పబడియున్నవని చూపిరి. భర్త కానరాకపోవుట, మరణించుట, సన్యసించుట, నపుంసకుడగుట, పతితుడగుట అనునవి ఆ యైదును. ఆయన కృషి ఫలితముగా 1856వ సంవత్సరమున హిందూ వితంతు పునర్వివాహ చట్టము వెలువడెను. ఆ యేడు డిసెంబరు 7వ తేదీన కలకత్తాలో ఆ చట్టము క్రింద ప్రథమ వివాహము జరిగెను.

చట్టము దేశమంతటికిని వర్తించునదే. కాని గోదావరీతీరమున తొలి వితంతువివాహమునకు మరి పాతికేండ్లు పట్టెను. కారణమేమి? చట్టము పెండ్లి చెల్లునని చెప్పగలదు గాని పెండ్లికి పురోహితుని పిలుచుకొని రాలేదు. పొరుగువారిని పంక్తిలో కూర్చుండబెట్టలేదు. మీదుమిక్కిలి, మరల పెండ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై హక్కు పోవునని ఆ చట్టమే విధించెను.

వీరేశలింగముగారు 1878వ సంవత్సరమున రాజమహేంద్రవరములో సంఘసంస్కరణ సమాజమును స్థాపించిరి. మరుసటి యేడు వితంతువివాహము శాస్త్రసమ్మతమని బహిరంగముగ ఉపన్యసించిరి. పండితులు ఎదిరించిరి. పరాశరుని వాక్యము మాట యిచ్చి యింకను పెండ్లి కాని కన్యను గూర్చినదే గాని పెండ్లియైన స్త్రీని గూర్చినది కాదని కొందరు వాదించిరి. పూర్వము చెల్లినను కలియుగమున చెల్లదని మరికొందరనిరి. పంతులుగారు గ్రంథములు ముందుంచుకొని ప్రతివాదమునకును ప్రత్యుత్తరమిచ్చిరి. రెండు పక్షములవారి చేతులలోను ఉన్నవి ఆ గ్రంథములే. తలుపునకు గడియ వేయదలచినవారును, తీయదలచినవారును ఒకే శాస్త్రమునుండి ప్రమాణములు తెచ్చిరి. ఈ సంగతి మీరు బాగుగా జ్ఞాపకముంచుకొనదగినది.

వాదము ఎంత జరిగినను అది మాటలతోనే ముగియునేమో యని లోకులు తలంచిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని, ఒక బాలవితంతువునకును వివాహము జరిగెను. ఆయన శిష్యులైన కళాశాల విద్యార్థులు ఇంటికి కాపలా కాసిరి. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ఆత్మూరి లక్ష్మీనరసింహముగారు మొదలగు మిత్రులు వెంట నిలిచిరి. అలజడి చల్లారకమునుపే ఆ మాసముననే రెండవ వివాహమును జరిగెను.

అప్పుడు వెలి వచ్చెను. పీఠాధిపతి శ్రీముఖము పంపెను. పెండ్లికి వచ్చినవారు ప్రాయశ్చిత్తము చేసికొననిచో వారును వెలియే యని ప్రకటించిరి. వెలి యనగానేమో నేటి బాలబాలికలకు తెలియకపోవచ్చును. అది చెరసాల కాదు; జరిమానా కాదు. నలుగురును మానుకొనుటయే వెలి. పురోహితుడు శ్రాద్ధము పెట్టింపడు. పితృకార్యమునకు భోక్తలు దొరకరు. బంధువులు పిలువరు, పిలిచినను రారు. వంటవాడు రాడు, నీరుమోయువాడు రాడు. ఇంటిలో ఎవ్వరైన మరణించినచో మోయువారు వత్తురో రారో తెలియదు.

ఆ పనివారు కఠినచిత్తులని మీరు తలంపవలదు. వెలియైన యింట ఒకదినము పనిచేసినచో తక్కిన యిండ్లలో పని పోవును. ఇంటిలో పొయ్యి ఆరిపోవును. ఈ విధముగా ఆచారము పనివాని కూటిని పట్టుకొని, అతనిచేత తోడివాని మెడను బిగింపజేయుచుండెను. పెండ్లికిని పనికిని ఉన్న సంబంధము ఇదియే. పాఠము మొదట మనము వేసికొన్న ప్రశ్నకు సమాధానమును ఇదియే.

పంతులుగారికి కళాశాలలో ఉద్యోగము కలదు, పత్రిక కలదు, శిష్యులు కలరు. వెలియొక్క బరువు నిజముగా మోసినది రాజ్యలక్ష్మమ్మగారు. శాస్త్రవాదములు సభలో ముగిసినను, మరునాటి ఉదయమున నీరు ఇంటికి రావలెను గదా! వచ్చిన బాలవితంతువులకు అన్నము పెట్టవలెను గదా! పెండ్లి జరిగినపుడెల్ల వంటచేయుటకు ఎవ్వరును రానిచో ఆమెయే నడుము బిగించుచుండెను. బెదరి, ఏడ్చుచు, తల్లిని విడిచి వచ్చిన పిల్లలను అక్కున చేర్చుకొని తల్లియగుచుండెను. నోటి మాటతో సంస్కారమును బోధించుట ఒక యెత్తు. వెలియైన యింటిలో ప్రతిదినము పొయ్యి వెలిగించుట మరియొక యెత్తు. ఆమె వెనుకంజ వేసియున్నచో పంతులుగారి వాదములు పుస్తకములలోనే నిలిచిపోయెడివి.

వారి జీవితకాలమున ఇంచుమించు నలువది వివాహములు జరిగెను. దేశమునందలి బాలవితంతువుల సంఖ్యను తలంచినచో నలువది స్వల్పమే. పెండ్లియాడిన దంపతులకును కష్టములు తప్పలేదు. వారిని కులమువారు దరిచేరనీయరైరి. వారి బాగోగులును పంతులుగారే చూడవలసి వచ్చెను. పెండ్లి ఒక్కటియే చాలదనియు, చదువును, స్వయముగా బ్రదుకగల పనియు కూడ ఉన్నగాని స్త్రీ నిలువలేదనియు అనుభవముచేత తేలెను. పంతులుగారు 1883వ సంవత్సరమున ‘సతీహితబోధిని’ యను స్త్రీల పత్రికను నడపిరి. వితంతువులకు శరణాలయమును ఏర్పరచిరి. 1906వ సంవత్సరమున హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి అర్పించిరి. 1910వ సంవత్సరమున రాజ్యలక్ష్మమ్మగారును, 1919వ సంవత్సరము మే 27వ తేదీన పంతులుగారును పరమపదించిరి.

చదువు, పని అను ఆ రెండు పేటలు ఎట్లు కదలెనో చెన్నపట్టణమున కనబడెను. ఆర్. ఎస్. సుబ్బలక్ష్మిగారు బాల్యముననే వితంతువైరి. ఆమె తల్లిదండ్రులు లోకాచారమును పాటింపక ఆమెను చదివించిరి. ఆమె 1911వ సంవత్సరమున పట్టభద్రురాలై, మరుసటి యేడు బాలవితంతువులకొరకు ఒక వసతిగృహమును ప్రారంభించెను. అచ్చట చదివిన బాలికలు ఉపాధ్యాయినులైరి. ఇంటిమూల కూర్చున్న బాలిక బడిలో నిలిచి పాఠము చెప్పగానే, ఆమెను అమంగళురాలని వెలివేసిన కుటుంబములే తమ పిల్లలను ఆమె యెదుట కూర్చుండబెట్టవలసి వచ్చెను.

ఇట్టి చరిత్ర ఒక్క హిందూమతమునకే చెందినది కాదు. బెంగాలులోని ఒక ముస్లిము కుటుంబమున జన్మించిన బేగం రొకేయా పరదాలో పెరిగెను. ఆడుపిల్లలకు ఇంగ్లీషు, బెంగాలీ నేర్పుట ఆ యింట ఆచారము కాదు. ఆమె అన్న రాత్రివేళ అందరును నిద్రించిన పిదప ఆమెకు పాఠములు చెప్పెను. భర్త మరణించిన పిమ్మట ఆమె బాలికలకు పాఠశాలను స్థాపించి, 1911వ సంవత్సరమునుండి కలకత్తాలో నడపెను. పరదాను పాటించు కుటుంబముల పిల్లలు బడికి వచ్చుటకు తెరలు కట్టిన బండ్లను ఏర్పాటు చేసెను. విద్య నార్జించుట స్త్రీపురుషులిరువురకును విధియని ఇస్లాము బోధించుచున్నదని ఆమె తల్లిదండ్రులకు నచ్చజెప్పెను. ఆమెయు మతమును అడ్డుగోడగా నిలిపినవారికి మతమునందలి వాకిలినే చూపెను.

కాలక్రమమున చట్టములును మారెను. 1929వ సంవత్సరపు శారదా చట్టము బాలిక వివాహవయస్సు పదునాలుగేండ్లకు తక్కువ కారాదనెను. నేడు 2006వ సంవత్సరపు చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలికకును, ఇరువదియొక్క యేండ్లు నిండని బాలునికిని పెండ్లి చేయుట నేరము. విద్య ప్రతి బాలబాలికకును హక్కు. అయినను, చదువుచున్న బాలికను మధ్యలో మాన్పించి పెండ్లి చేయు కుటుంబములు నేటికిని లేకపోలేదు. చట్టము వచ్చినంతనే ఆచారము పోదని 1856వ సంవత్సరముననే మనము చూచితిమి గదా!

విద్యార్థులారా! మతము కుటుంబమునకు ఎన్నియో మంచి విషయములు నేర్పును. పెద్దల యెడ గౌరవము, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట, ఇచ్చిన మాట నిలుపుకొనుట మొదలగునవి పిల్లలు ఇంటిలోనే, పూజలయందును పండుగలయందును నేర్చుకొందురు. అందుచే ఆ మతము పేరిట ఎవ్వరైన ఒక నియమమును చూపినపుడు, ఆ నియమమువలన ఇంటిలో అందరికంటె బలహీనుడైనవానికి ఏమి జరుగుచున్నదని అడుగుట మన విధి. వీరేశలింగముగారు అడిగినది ఆ ప్రశ్నయే. రాజ్యలక్ష్మమ్మగారు దానికి సమాధానమును సభలో చెప్పలేదు. గోదావరి మెట్లు దిగి, బిందె నింపుకొని, తలవంచక ఇంటికి నడచివచ్చిరి.

ప్రశ్నలు

1. పెండ్లి, పని, చదువు అనునవి త్రాటియందలి మూడు పేటలని ఏల చెప్పబడినది? మీకు తెలిసిన ఒక కుటుంబమును ఉదాహరణముగా గైకొని వివరింపుడు.

2. వెలి యనగానేమి? నీరుమోయువాడు, వంటవాడు పంతులుగారి యింటికి రాకపోవుటకు కారణమేమి? వారిని నిందింపవచ్చునా?

3. 1856వ సంవత్సరమున చట్టము వచ్చినను, రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమునకు పాతికేండ్లు ఏల పట్టెను?

4. వీరేశలింగముగారికిని, బేగం రొకేయాకును గల పోలికను తెల్పుడు.

5. “వెలియొక్క బరువు నిజముగా మోసినది రాజ్యలక్ష్మమ్మగారు.” ఈ వాక్యమును సమర్థించుచు ఒక పుట వ్రాయుడు.